అమ్మవారు కట్టి విప్పిన చీరలు

మా చెల్లి పాడటం ఎందుకు మానేసిందని ఎవరైనా అడిగితే, గొంతులో ఏదో కాయ వచ్చిందనీ డాక్టరు పాడొద్దన్నాడనీ మా అమ్మ చెప్తుంది. అది అబద్ధం. దాని గొంతుకి ఏ జబ్బూ లేదు. ఒక మనిషి వెంటపడి వెంటపడి, ఆ పాటను దాని దగ్గర లేకుండా చేశాడు. మొదటి నుంచీ చూసినదాన్ని నేనే కాబట్టి నేనే చెప్పాలి.

మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలు భుజాన వేసుకుని ఈ దీవులకి వచ్చాడు. గంగమ్మ తల్లిని వెంట తెచ్చుకున్నాడంటారు గాని, తెచ్చింది పసుపు గుడ్డలో మూటగట్టిన ఊరి ఇసుక. ఆ ఇసుక పోసి, దాని మీద ఇక్కడి రాయి ఒకటి నిలబెట్టి, జెట్టీ దగ్గర రేకుల గుడి కట్టారు. ఇప్పుడది సిమెంటు గుడి అయింది. అమ్మవారు మాత్రం అదే రాయి, మోకాలెత్తు. పసుపు రాసి, వెండి కళ్ళు పెట్టి, చీర చుడితే మనిషి కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. మొక్కుకున్నవాళ్ళు మంగళవారం అమ్మవారికి చీర పెడతారు. ఒక వారం అమ్మవారు కట్టుకున్నాక, విప్పిన చీరను పాటమనిషికి ఇస్తారు. పాటమనిషి అంటే మంగళవారాలు గుడిలో కూర్చుని పాడే ఆడమనిషి. తర్వాతి వారం ఆమె ఆ చీర కట్టుకునే పాడాలి. చీర ఎవరు పెట్టారో పూజారికి తప్ప ఎవరికీ తెలియదు. పేరు బయటికొస్తే మొక్కు చెల్లదని మా వాళ్ళ నమ్మకం.

మా ముసలి పాటమనిషి పోయాక ఆ చోటు మా చెల్లికి వచ్చింది. పగలు టౌన్‌లో పిల్లలకి హార్మోనియం నేర్పేది. మా నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మా, అదీ ప్రోతరాపూర్‌లో మా ఇంట్లోనే ఉండేవారు. మా ఆయన బస్సు నడుపుతాడు. మంగళవారం నాడు మా చెల్లి హార్మోనియం ముందు కూర్చుని గొంతెత్తితే, జెట్టీలో చేప దింపుతున్నవాళ్ళు తట్టలు నెత్తిన అలాగే పెట్టుకుని నిలబడిపోయేవారు. బస్సు పోతుందని తెలిసినా ఆడవాళ్ళు లేచేవారు కాదు.

దాని పక్కన డోలక్ వాయించే అబ్బాయిది మాయాబందర్, ఇక్కడికి బస్సులో రోజు ప్రయాణం. బెంగాలీ వాళ్ళు. సిప్పీఘాట్‌లో ఒక మొక్కల తోటలో మిరియాల తీగలకి అంట్లు కట్టే పని చేసేవాడు. వేళ్ళ నిండా మట్టి, గోళ్ళ కింద పచ్చరంగు. సాధనకి మా ఇంటికి వచ్చేవాడు. గుమ్మంలోకి రాగానే, "దీదీ, చాయ్ ఉందా? లేకపోతే మీ చెల్లి తిట్లే తాగి పోతా," అనేవాడు. చెల్లి నిజంగానే తిట్టేది, తాళం పరిగెత్తిస్తున్నాడని. వాడు నవ్వుకుంటూ ఆమె ఊపిరి తీసుకునేదాకా వేలు గాల్లోనే ఆపి ఉంచేవాడు. వాళ్ళిద్దరి మధ్య ఏముందో నాకు ఆ ఆగిన వేలు చూసే తెలిసింది. మా అమ్మకి ఇంకా ముందే తెలిసింది. "బెంగాలోడే, సేపకి ఆవనూని పోస్తాడు. ఆ వాసనకి నువ్వు రెండ్రోజులుండలేవు," అని దెప్పేది గాని, వాడి గ్లాసులో పంచదార ఎక్కువే వేసేది.

గుడిలో మైకుసెట్టు చూసే మనిషి మా వాళ్ళలోనే ఒకడు. రెండు పడవలున్నాయి. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదు. పండగ భోజనాలకి చేప అతనే ఇచ్చేవాడు. ఏదో వరసకి బావ అవుతాడని మేము బావా అనే పిలిచేవాళ్ళం. మా చెల్లి కూర్చోగానే వచ్చి మైకు దాని నోటి ఎత్తుకి వంచి, వెనక గోడ పక్కన సౌండు పెట్టె దగ్గర చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేవాడు. తల ఎత్తి ఆడవాళ్ళని చూసేవాడు కాదు. అతన్ని చూపించి మా అమ్మ మా ఆయనకి మర్యాద నేర్పాలని చూసేది.

మొదట్లో చెల్లికి వచ్చిన చీరలు మామూలు నూలువి. తర్వాత ఉన్నట్టుండి మంచివి రావడం మొదలైంది. నెమలికంఠం రంగు, మామిడి చిగురు రంగు, సన్నని జరీ అంచు. ఓడలో విశాఖపట్నం నుంచి తెప్పించినవని చూస్తేనే తెలిసేది. మూడేళ్ళు అలా వచ్చాయి. మడత పెట్టడానికి పెట్టె చాలక నా బీరువాలో సగం దానికే ఇచ్చాను. ఒకసారి చీరతో పాటు కుట్టిన జాకెట్టు వచ్చింది. చెల్లి వేసుకుని చూసింది. భుజం దగ్గర, చంక దగ్గర, ఎక్కడా పిసరు తేడా లేదు.

ఇంకో ఇంట్లో అయితే అక్కడే గుండె జారేది. మా ఇంట్లో అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెల్లిని ఆ జాకెట్టుతోనే వీధంతా తిప్పింది. "సూడండే, అమ్మోరు కొలత పెట్టి కుట్టించినాది. ఎక్కడైనా వేలు దూరతాదా?" అంది. పక్కింటి ఆవిడ మూతి తిప్పి, మీ పిల్లకి దర్జీ కూడా దేవతే దొరికిందిలే అని వెళ్ళిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే, ఆ వానాకాలంలోనే, దండెం మీంచి చెల్లి జాకెట్టు ఒకటి పోయింది. గాలికి ఎగిరి పక్క పోకతోటలో పడిందనుకుని కాసేపు వెతికి ఊరుకున్నాం. ఆ రెండు జాకెట్లనీ కలిపి ఆలోచించిన బుర్ర మా ఇంట్లో ఒక్కటీ లేదు.

తర్వాత చెల్లికి ఫోన్లు మొదలయ్యాయి. ఎవరిదో తెలియని నంబరు. ఎత్తితే మాట ఉండదు. మొదట అది వేరే ఊరి వాళ్ళనుకుని కట్ చేసేది. ఒకరోజు పొద్దున్న నేను కూర తరుగుతుంటే ఫోను ఎత్తి, అలాగే నిలబడిపోయింది. నా చెవి దగ్గర పెట్టింది. లోపల దాని పాటే వినిపిస్తోంది. గుడిలోది కాదు. మా వంటింట్లో సాధన చేసుకున్నది. మధ్యలో కుక్కరు కూత, ఆ వెంటే, పప్పు మాడిపోతోందని మా ఆయన మీద నేను అరిచిన అరుపు. నా గొంతు నాకే ఫోన్లో వినిపించింది. మా ఇంటి వెనక గోడకి, పోకచెట్లకి మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. వెళ్ళి చూస్తే అక్కడ గడ్డి నలిగి, కూర్చోవడానికి ఎవరో తెచ్చుకున్న ఇటుక ఉంది. ఇటుక మీద చక్కగా గోనెగుడ్డ పరిచి ఉంది.

ఆ రోజు నుంచి చెల్లి ఇంట్లో సాధన మానేసింది. కిటికీ మూసి, నోట్లోనే సన్నగా అనుకునేది. ఫోన్లు ఆగలేదు. ఒక ఫోనులో గుడి పాట మొదలవడానికి ముందు చెల్లి గొంతు సవరించుకోవడం, డోలక్ అబ్బాయితో గుసగుసగా "ఇవాళ పరిగెత్తకు, నాతో రా," అనడం వినిపించాయి. అది వినగానే ఆ అబ్బాయి మొహం మాడిపోయింది. అప్పటికి బయట స్పీకరు తెరవలేదు, ఆ గుసగుస మైకులోంచి వైరులోకి మాత్రమే పోయింది, పెట్టె దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు అని మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ ఫోన్లు చేసేది మేము బావా అని పిలిచే మనిషేనని అలా బయటపడింది.

డోలక్ అబ్బాయి నేరుగా వెళ్ళి అడిగాడు. మైకు మనిషి కోప్పడలేదట. పెట్టె మీద దుమ్ము తుడుస్తూ, నీ వేళ్ళు జాగ్రత్త భయ్యా, చాలా మంచి వేళ్ళు అన్నాడట. ఆ మంగళవారం ప్రసాదం తిని వచ్చేసరికి డోలక్ రెండు వైపులా చర్మం కత్తితో కోసి ఉంది. గుండ్రంగా, తీరిగ్గా, చేప పొట్ట కోసినట్టు.

పోలీసుల దగ్గరికి వెళ్ళాం. అక్కడి ఆఫీసరమ్మ మంచిదే, అంతా విన్నది. ఫోను నంబరు ఎవరో చచ్చిపోయినవాడి పేరు మీద ఉందని చెప్పింది. మైకు మనిషిని పిలిపించింది కూడా. వాడు చేతులు కట్టుకుని నిలబడి, గుడికి రికార్డింగు చేయడం నా పని, పిల్ల నాకు మరదలు వరస, ఇంట్లో గొడవ మేడమ్ అన్నాడు. రాసుకుని పంపించేశారు.

ఆ కోపంలో చెల్లి, డోలక్ అబ్బాయి పెళ్ళి చేసుకుంటామని అమ్మకి చెప్పేశారు. చెల్లి ఇంకో మాట కూడా అంది. పోయిన జాకెట్టు కొలతకి ఇంకోటి కుట్టించింది వాడే, చీరలు పెట్టిందీ వాడే, అవి ఇక కట్టను, వాటి మీద వాడి చూపే ఉంది అని. అప్పుడు అమ్మ చేసిన పనిని నేను ఇప్పటికీ మింగలేను. చీర ఎవరు పెడితేనేం, వారం రోజులు తల్లి ఒంటి మీద ఉన్నది, కాదంటే తల్లి ఊరుకోదని ఏడ్చి, ఒట్టు పెట్టించి, తర్వాతి మంగళవారం తన చేత్తోనే కుచ్చిళ్ళు పోసి కట్టింది. మామిడి చిగురు రంగుది, ఆ కుట్టిన జాకెట్టుతో సహా. పెళ్ళికి ముందు చివరి పాట కదా అని చెల్లి కూడా లొంగింది.

పాట అయ్యాక కులపెద్దలు వలల షెడ్డులో కూర్చున్నారు. మైకు మనిషి పంచాయితీ పెట్టించాడని మమ్మల్ని పిలిచారు. డోలక్ అబ్బాయిని రోడ్డు మీదే ఆపేశారు, మనవాడు కాదని. మైకు మనిషి పెద్దల ముందు తన ఫోను పెట్టాడు. అందులో చెల్లి ఫోటోలు. ఒక్కో చీరలో ఒక్కోటి. మూడేళ్ళవి. అవి చూస్తూ పెద్దలు ఒకరికొకరు ఫోను అందించుకున్నారు.

వాడు గొంతు పెంచలేదు. "నానేటీ అడగట్లేదు పెద్దయ్యా. నాను సీర పెట్టినాను, అది కట్టుకున్నాది. మన ఇళ్ళల్లో దాన్నేటంటారో మీరే సెప్పండి," అన్నాడు.

మా వాళ్ళలో పిల్లను కుదుర్చుకోవడమంటే మగవాళ్ళు తెచ్చిన చీర పిల్ల చేతిలో పెడతారు. పిల్ల లోపలికి వెళ్ళి అది కట్టుకుని బయటికొస్తే ఒప్పుకున్నట్టు. ఉంగరమూ లేదు, కాగితమూ లేదు. వాడు పట్టుకున్న పట్టు అదీ.

నేను ఊరుకోలేదు. చీర అమ్మవారికి పెట్టాడు గాని మా పిల్లకి కాదన్నాను. కులపెద్దల్లో పెద్దాయన పూజారి వైపు చూశాడు. పూజారి నేల చూస్తూ, పెట్టిన ప్రతిసారీ ఇది పాటమనిషికి చేరాలి తల్లీ అని చెప్పే పెట్టేవాడన్నాడు. మూడేళ్ళూ తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగితే, పేరు చెప్తే మొక్కు చెల్లదు కదా అన్నాడు.

చెల్లి అప్పుడు నోరు తెరిచింది. "పేరు సెప్పని సీర ఎవరిదో నాకెలా తెలుస్తాది? తెలిస్తే ముట్టేదాన్నా?"

"సీర సంగతి సరే. జాకెట్టో?" అన్నాడు పెద్ద. "రాయికి జాకెట్టెందుకే? అమ్మోరికి సేతులున్నాయా దూర్చడానికి? నీ కొలతకి కుట్టినాదని మీయమ్మే వీధంతా తిప్పి సూపించినాది గదా."

షెడ్డులో మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు కూడా. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు ఆగాక పెద్ద ఇంకో మాట వేశాడు. "పోనీ, తెలీక కట్టినావనుకుందాం. తెలిసి పోలీసులకాడికి ఎల్లొచ్చినావు. ఎల్లొచ్చినాక ఇయ్యాల కట్టుకున్నదేటి?"

చెల్లి, అమ్మ కట్టిందని చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు. నేను చెప్పాను, ఎవరూ వినలేదు.

తీర్పు ఇదీ. వాణ్ణి చేసుకోవాలి. లేదంటే చీరలన్నీ గుడి ముందు అందరిలో తిరిగి పెట్టేసి, పాటచోటు వదిలేసి పోవాలి. ఇంకెప్పుడూ ఆ మెట్టెక్కి పాడకూడదు. చెల్లి క్షణం ఆలోచించలేదు, తిరిగి ఇచ్చేస్తానంది. మా ఆయన బస్సు డ్యూటీ మధ్యలో ఇంటికి పోయి బీరువాలోవన్నీ రెండు గోనెల్లో తెచ్చాడు. వాడు గుడి ముందు గొంతుక్కూర్చుని ఒక్కో చీరా విప్పి, అంచు చూసి, మడిచి పక్కన పెట్టుకున్నాడు. అన్నీ అయ్యాక తల ఎత్తి మొదటిసారి దాని కళ్ళలోకి చూశాడు.

"ఒకటి తక్కువుంది," అన్నాడు.

దాని ఒంటి మీదది.

అక్కడ మా అమ్మ ఈడు ఆడవాళ్ళు పాతిక మంది ఉంటారు. ఇల్లు చేరాక పంపిస్తుందిలే అని ఒక్కరు అనలేదు. గుడి వెనక ఐసు పెట్టెలు పెట్టే కొట్టు ఉంది. నేను నా చీర సగం చించి ఇద్దామనుకున్నాను. ఇంతలో చేపలమ్మే ముసలమ్మ ఒకామె తన సంచిలోంచి నైటీ ఒకటి తీసి నా మీదికి విసిరింది, మొహం తిప్పుకునే. చేప నీచు కొడుతోంది. చెల్లి ఆ ఐసు కొట్టులోకి వెళ్ళి, ఆ నైటీ వేసుకుని, పైన తువ్వాలు కప్పుకుని బయటికి వచ్చింది. చీరా జాకెట్టూ మడిచి వాడి ముందు పెట్టింది. వాడు జాకెట్టు చేతిలోకి తీసుకుని, ఇంకా వెచ్చగా ఉందని పక్కవాడితో అన్నాడు.

రోడ్డు మీద ఉన్న డోలక్ అబ్బాయికి అది కనబడింది. లోపలికి తోసుకొచ్చాడు. మైకు మనిషి పడవ మీది కుర్రాళ్ళు పట్టుకుని కింద పడేశారు. ఒకడు ఎడమ చెయ్యి మీద ఐసు పెట్టె దించాడు. దించి, జారిందన్నాడు. ఎముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. అంతమందిలో ఎవరు చూశారని తర్వాత పోలీసులు అడిగితే, ఎవరూ చూడలేదు.

మాయాబందర్‌లో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. అబ్బాయి చేతికి కట్టు ఉండగానే సంతకం పెట్టాడు. మేమిద్దరమే వెళ్ళాం, మా ఆయనా నేనూ. అమ్మ రాలేదు, సిగ్గుపడి. అక్కడ జెట్టీకి పైన ఒక చిన్న ఇల్లు తీసుకున్నారు. దూరం పోయారు కదా, పీడ వదిలిందనుకున్నాను. ఇక్కడి వాళ్ళెవరూ లేరు, అక్కడ పాడుకుంటుందిలే అనుకున్నాను. అబ్బాయి కూడా అదే అనుకుని, మిగిలిన వేళ్ళతో వాయించడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. రెండు వేళ్ళు మాత్రం ఇప్పటికీ వంగవు.

చెల్లికి నెల తప్పిన సంగతి ఇక్కడ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కడుపు కనబడే రోజులు వచ్చాక బస్సులో ఒక పార్సిల్ వచ్చింది. పంపినవాడి పేరు లేదు. లోపల కొత్త జాకెట్టు. పక్క కుట్లు వదులు చేసి, ముందు వైపు గుడ్డ ఎక్కువ పెట్టి కుట్టినది. చెల్లి వేసుకోలేదు. కాని ఒంటికి ఆనించి చూసింది. సరిపోయిందట. నాకు ఫోన్లో ఆ ఒక్క మాటే చెప్పింది.

ఇక్కడ గుడిలో ఆ తర్వాత పాటమనిషిని పెట్టలేదు. వాడి దగ్గర మూడేళ్ళ పాటలున్నాయి. మంగళవారం వచ్చిందంటే పెట్టె తెరిచి చెల్లి పాట వేస్తాడు. దాన్ని మెట్టెక్కొద్దన్న పెద్దలే ముందు వరసలో కూర్చుని తలలూపుతారు. అదేం న్యాయమని నేనొకసారి పెద్దని అడిగితే, దేవుడి పాటకి మనిషితో పనేటమ్మా అన్నాడు. మా అమ్మ కూడా వెళ్తుంది. ఒకనాడు అక్కడి నుంచే చెల్లికి ఫోను చేసి, స్పీకరు వైపు పట్టుకుని, "ఇను, నీ పాటే. జనాలు ఎంత మంది వచ్చినారో," అని మురిసిపోయింది. అవతల ఏ చప్పుడూ లేదు. లైను పోయిందనుకుని అమ్మ పెట్టేసింది.

పోయిన నెల మాయాబందర్ వెళ్ళాను. చెల్లికి ఆడపిల్ల, ఏడాది దాటింది. మధ్యాహ్నం ఉక్కగా ఉంది, అయినా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పిల్ల నిద్రకి ఏడుస్తోంది. చెల్లి ఒళ్ళో వేసుకుని వీపు మీద తడుతోంది, పెదవులు బిగించి. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఒక్క ముక్క పాడవే, వెంటనే పడుకుంటుంది అన్నాను.

"ఎవడు ఇంటాడో తెలీదక్కా," అంది. "నేను పాడితే వాడి దగ్గర ఇంకొకటి పెరుగుతాది. ఉన్నవి సాలు."

ఇక్కడెవరూ లేరే అన్నాను. వెనక తలుపు చూపించింది. గడియ మీద గడియ, మధ్యలో చిన్న కన్నం కూడా గుడ్డ కుక్కి మూసేసింది. ఆ పిల్లకి తల్లి గొంతులో పాట ఎలా ఉంటుందో తెలియదు. మాట్లాడటం మాత్రమే తెలుసు.

వరండాలో అబ్బాయి పిల్ల ఏడుపు వినలేక డోలక్ ముందుకు లాక్కున్నాడు. కుడిచేత్తో, ఎడమచేతి వంగే మూడు వేళ్ళతో మెల్లగా, మునుపు చెల్లి గొంతెత్తే ముందు వాయించే నడకే మొదలుపెట్టాడు. పిల్ల ఏడుపు ఆపి అటు తిరిగింది. చెల్లి పెదవులు కదిలాయి. నేను చూశాను, ఊపిరి కూడా తీసుకుంది. అబ్బాయి ఆ ఊపిరి విని వేలు గాల్లో ఆపాడు.

చెల్లి పిల్లని నా ఒళ్ళో పెట్టి లేచింది. వరండాలోకి వెళ్ళి డోలక్ మీద అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిల్ల మళ్ళీ ఏడుపు అందుకుంది.